పాలమూరు నేలల్లో వేరు కొన

పల్లిచేను పీకే రోజున చెట్టు మొత్తం చేతికి వచ్చినట్టే కనిపిస్తుంది. ఆకు, కొమ్మ, ఊడలు, కాయలు, తల్లివేరు, పక్కవేర్లు, వాటిమీది బుడిపెలు అన్నీ కట్టలో చేరతాయి. వేరు కొనలు మాత్రం రావు. అవి తెగి మట్టిలోనే ఉండిపోతాయి. ఒక్కో కొన పొడవు కొద్ది మిల్లీమీటర్లే. ఆ మొక్క ఎంత లోతుకు దిగింది, ఎటు తిరిగింది, మట్టిలోంచి దేన్ని విడిపించుకుంది, ఏ తెగులును వాకిట్లోనే ఆపింది అన్నవి చాలావరకు ఆ కొద్ది మిల్లీమీటర్లలోనే తేలాయి. పంట చేతికొచ్చేసరికి ఆ సాక్ష్యం నేలలోనే మిగిలిపోతుంది. అందుకే రైతు లెక్కల్లోనూ అధికారుల లెక్కల్లోనూ వేరు కొన ఊసు ఉండదు.

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరులో పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా నుంచి విడివడ్డాయి. ఇక్కడ వ్యవసాయం మాటెత్తితే నీళ్ల మాటే ముందు వస్తుంది. అది న్యాయమే. కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డ ఉంది, అయినా తెలంగాణలో తక్కువ వాన పడే చోట్లలో అదీ ఒకటి. 1990ల్లో జూరాల ప్రాజెక్టు, ఆ తర్వాత నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతలు వచ్చాక చెరువులు నిండాయి, వరి పెరిగింది. అయితే నీళ్లు పొలం దాకా రావడం వేరు, ఆ తడి ఉన్న లోతుకు వేరు చేరడం వేరు. ఆ రెండో పనికి మట్టి మెత్తగా ఉండాలి, మట్టిలో గాలి ఉండాలి, కొన బతికి ఉండాలి. నీటి కొరత తగ్గిన పొలాల్లో ఇప్పుడు దిగుబడిని కట్టడి చేస్తున్న వాటిలో వేరు లోతుకు దిగలేకపోవడం ఒకటి. నూటయాభై ఏళ్లుగా వేరు కొన మీద పోగైన విజ్ఞానంలో ఈ మూడు జిల్లాలకు సూటిగా పనికొచ్చేది చాలా ఉంది.

ఇంటర్మీడియట్‌లో బోటనీ ప్రాక్టికల్స్ చేసినవాళ్లు వేరు కొనను ఒక్కసారైనా చూసే ఉంటారు. ఉల్లిగడ్డను నీళ్ల గ్లాసు మీద నిలబెడితే రెండు మూడు రోజుల్లో తెల్లటి వేర్లు దిగుతాయి. కొనను కత్తిరించి, ఆమ్లంలో మెత్తబరచి, ఎసిటోకార్మిన్ రంగు పట్టించి, స్లైడు మీద నొక్కి చూస్తే విభజన జరుగుతున్న కణాలు, వాటిలో 16 క్రోమోజోములు కనిపిస్తాయి. స్వీడన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ లెవాన్ 1938లో ఇదే ఉల్లి వేరు కొనతో రసాయనాల విషప్రభావాన్ని కొలిచే పద్ధతిని రూపొందించాడు. పురుగుమందులనూ ఫ్యాక్టరీ మురుగునీటినీ పరీక్షించడానికి ఇవాళ్టికీ దాన్ని వాడుతున్నారు. ఎందుకంటే మొక్కలో కణాలు అంత చురుగ్గా విడిపోయే చోట్లు తక్కువ. పాడు నీటిని ముందుగా తాకేది కూడా ఆ చోటే.

కొనకు అన్నింటికన్నా ముందు ఉండేది వేరు తొడుగు. మట్టి రేణువుల ఒరిపిడికి దాని పైకణాలు నిత్యం రాలిపోతుంటాయి, లోపలి నుంచి కొత్తవి వస్తుంటాయి. మొక్కజొన్న వేరులో తొడుగు మొత్తం కొద్ది రోజుల్లోనే కొత్తదైపోతుంది. తొడుగు స్రవించే జిగురు దారిని జారుడుగా ఉంచుతుంది. దాని వెనుక ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర కణవిభజన మండలం. ఆ వెనుక కణాలు పొడవు సాగే మండలం. వేరును నిజంగా ముందుకు తోసేది ఇదే. ఒక్కో కణం నీళ్లు నింపుకొని తన పొడవుకు పదింతలు, అంతకన్నా ఎక్కువ కూడా సాగుతుంది. ఆ ఉబ్బు బలమే కొనను మట్టిలోకి దింపుతుంది. ఇంకా వెనుక మూలకేశాల మండలం. దారుకణాలు పక్వానికి వచ్చేది అక్కడే.

వేరు కొన నీళ్లు తాగుతుందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. చివరి రెండు మూడు మిల్లీమీటర్లలో నీటిని పైకి మోసే దారునాళాలు ఇంకా తయారై ఉండవు. నీటిని ఎక్కువగా పీల్చేది ఆ వెనుకనున్న మూలకేశాల ప్రాంతం. కొన దారి చేస్తుంది, దాని వెనుక వచ్చే భాగం తాగుతుంది. ఆ ప్రాంతం ఎంత విశాలమో 1937లో హోవర్డ్ డిట్మర్ ఒక్క రై మొక్కను తవ్వి చూపించాడు. నాలుగు నెలల ఆ మొక్క వేర్ల మొత్తం పొడవు 620 కిలోమీటర్లు దాటింది. మూలకేశాలు సుమారు 1,400 కోట్లు, వాటిని వరసగా పేరిస్తే పదివేల కిలోమీటర్ల పైమాటే. మూలకేశం మాత్రం కొద్ది రోజులు, మహా అయితే రెండు మూడు వారాలు బతుకుతుంది. కొత్తవి రావాలంటే కొన ముందుకు సాగుతూనే ఉండాలి. కొన ఆగిందంటే, ఉన్న కేశాలు ముదిరి రాలిపోయాక మొక్కకు పీల్చే తావే కరువవుతుంది.

విభజన మండలం మధ్యలో మరో చిత్రం ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో ఎఫ్.ఎ.ఎల్. క్లోస్ 1950ల్లో మొక్కజొన్న వేర్లను పరిశీలిస్తూ, అంత చురుకైన చోట నడుమ దాదాపు కదలిక లేని కణాల గుంపు ఉందని కనిపెట్టాడు. తొడుగు మూలకణాలు పన్నెండు గంటలకోసారి విడిపోతుంటే, ఈ గుంపులో కణం ఒకసారి విడిపోవడానికి సుమారు 170 గంటలు పడుతోంది. దానికి నిశ్చల కేంద్రం అని పేరు. కరువులోనూ ముట్టకుండా దాచిన విత్తనపు గింజల్లాంటివి ఈ కణాలు. కొనకు దెబ్బ తగిలినప్పుడు ఇవి మేల్కొని కొత్త కణాలను అందిస్తాయి. 1966లో అదే ఆక్స్‌ఫర్డ్‌లో బారీ జూనిపర్ బృందం మొక్కజొన్న వేరు తొడుగును జాగ్రత్తగా ఒలిచేసింది. తొడుగు లేని వేరు పెరగడం మానలేదు గానీ కిందికి వంగడం మరిచిపోయింది. కొత్త తొడుగు మొలిచాక మళ్లీ నేలదారి పట్టింది.

కిందు ఎటో వేరుకు ఎలా తెలుస్తుందన్న ప్రశ్న అంతకన్నా చాలా పాతది. 1872లో సీసీల్‌స్కీ కొన కోసిన వేర్లు వంగవని చూపాడు. 1880లో చార్లెస్ డార్విన్, కొడుకు ఫ్రాన్సిస్‌తో కలిసి రాసిన మొక్కల కదలికల పుస్తకం చివర, వేరు కొన పనితీరును చిన్న జీవుల మెదడుతో పోల్చాడు. జర్మనీలో అప్పటి మహా పండితుడు జూలియస్ సాక్స్ ఆ ప్రయోగాలను తేలిగ్గా కొట్టిపారేశాడు. కాలం డార్విన్ పక్షానే నిలిచింది. 1900లో హేబర్లాండ్, నేమెట్స్ ఎవరికి వారు తొడుగు మధ్య కణాల్లోని బరువైన పిండి రేణువులను గుర్తించారు. వేరు పక్కకు ఒరిగితే ఆ రేణువులు కొత్త అడుగుభాగానికి జారతాయి. దాంతో ఆక్సిన్ అనే హార్మోను కిందివైపు ఎక్కువగా చేరి, అక్కడి కణాల సాగుదలను తగ్గిస్తుంది. పైవైపు కణాలు సాగుతూ ఉండడంతో కొన కిందికి తిరుగుతుంది.

మెదడు పోలిక మాత్రం వదల్లేదు. 2005 ప్రాంతంలో కొందరు శాస్త్రవేత్తలు వేరు కొనకు నాడీవ్యవస్థ లాంటిది ఉందన్నారు. 2007లో ముప్పైమందికి పైగా వృక్షశాస్త్రజ్ఞులు కలిసి సంతకాలు పెట్టి దాన్ని ఖండించారు. ఈ విషయంలో ఖండించినవారి మాటే సబబు. కొన చేసే పని గొప్పతనాన్ని చెప్పడానికి దానికి లేని మెదడును తెచ్చి పెట్టాల్సిన పని లేదు.

నీటి వాసన పట్టడం గురించి ఇంతకన్నా ఆసక్తికరమైన మలుపు ఇటీవల వచ్చింది. తడి ఉన్న వైపు వేరు తిరుగుతుందన్నది పాత పరిశీలనే. భూమ్యాకర్షణ ప్రభావం దాన్ని కప్పేస్తుంది కాబట్టి విడదీసి చూడడం కష్టమైంది. 2007లో జపాన్ శాస్త్రవేత్తలు ఆవజాతి చిన్న మొక్క అరబిడాప్సిస్‌లో మిజ్1 అనే జన్యువును పట్టుకున్నారు. అది చెడిన మొక్క కిందికి వంగుతుంది గానీ తడివైపు తిరగదు. 2017లో మరో బృందం లేజర్‌తో కొనను తీసేసినా వేరు తడివైపు వంగుతూనే ఉందని చూపింది. అంటే కిందును పసిగట్టేది తొడుగు, తడిని పసిగట్టేది దాని వెనుక సాగుతున్న కణాలు. అన్నీ కొన చివరే జరుగుతాయనుకున్న డార్విన్ భావనకు ఇది చక్కటి సవరణ.

అలంపూర్, మానవపాడు వైపు నల్లరేగడిలో యాసంగి శనగ వేసే రైతుకు ఈ చర్చ పొలం గట్టు మీదిదే. వానలు వెనక్కిపోయాక, నేలలో నిలిచిన తడి మీదే ఆ పంట నిలబడాలి. పైనుంచి తడి ఆరుతూ దిగిపోతుంటే వేరు కొన దాని వెంటపడుతుంది. పటాన్‌చెరువులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో ఐసీసీ 4958 అనే శనగ రకం లోతైన, దట్టమైన వేర్లకు పేరు తెచ్చుకుంది. దాని వేరు లక్షణాలతో ముడిపడిన జన్యుభాగాన్ని పూసా 372 రకంలోకి ఎక్కించి, 2019లో పూసా చిక్‌పీ 10216ను విడుదల చేశారు. అంతటితో లోతైన వేరుంటే కరువును గెలిచినట్టే అనుకోకూడదు. 2011లో ఇక్రిశాట్‌లోనే జరిగిన అధ్యయనం మరో మాట చెప్పింది. గింజ కట్టే వేళకు నేలలో తడి మిగిల్చుకున్న రకాలే చివరి కరువును తట్టుకున్నాయి. వేరు ఎంత లోతు పోయిందన్నది అంత ముఖ్యం కాలేదు. ముందే తాగేసిన వేరు ఎంత పొడవైతేనేం? పైన ఆకు పొదుపు చేస్తేనే కింద వేరు చేసిన పనికి ఫలం.

వరిలో 2013లో జపాన్‌కు చెందిన ఊగా బృందం డ్రో1 జన్యువును వెలికితీసింది. ఫిలిప్పీన్స్ మెట్టవరి నుంచి దాన్ని ఐఆర్ 64లోకి తెస్తే వేర్లు పక్కలకు పరచుకోకుండా నిలువుగా దిగాయి, ఎండబెట్టిన మడిలో దిగుబడి నిలిచింది. కొన దగ్గరి కణాల సాగుదలలో తేడాయే అందుకు కారణం.

ఇక నేల గట్టిదనం. ఈ మూడు జిల్లాలకు అన్నింటికన్నా దగ్గరి సమస్య ఇదే.

అమెరికాలో టేలర్, రాట్‌లిఫ్ అనే ఇద్దరు 1969లో పత్తి, వేరుశనగ వేర్లను వేర్వేరు గట్టిదనం గల మట్టిలో పెంచి చూశారు. నేల నిరోధం సుమారు 0.7 మెగాపాస్కల్‌కు చేరేసరికే పత్తి వేరు సాగే వేగం సగానికి పడిపోయింది. వేరుశనగకు అదే స్థితి రావడానికి 1.9 మెగాపాస్కల్ దాకా పట్టింది. గద్వాలలో పత్తి, వనపర్తిలో పల్లి పండించే నేలకు ఈ ఒక్క పోలిక ఎంతో చెబుతుంది. పల్లి వేరు మొండిది, పత్తి వేరు సుకుమారం. అడుగున గట్టి పొర పడ్డ చెల్కలో పల్లి ఏదో తంటాలు పడి దిగొచ్చు గానీ, పత్తి తల్లివేరు అక్కడే మెలిక తిరిగి పక్కకు మళ్లుతుంది. ఆగస్టులో రెండు వారాలు వాన మొహం చాటేస్తే ముందు వాడేది ఆ మొక్కే.

గట్టి పొరలు పడడానికి కారణాలు కళ్లెదుటే ఉన్నాయి. బరువైన ట్రాక్టర్లు తడి నేలలో తిరగడం ఒకటి. ఏటేటా అదే లోతులో దున్నడం ఇంకొకటి. మూడోది దమ్ము. వరికి దమ్ము చేసేదే నీరు ఇంకకుండా మట్టి నిర్మాణాన్ని చెదరగొట్టి, అడుగున బిగుసు పొర చేయడానికి. వరికి అది మేలే. వరి వేరు తన దేహంలోనే గాలి గదులు కట్టుకొని, ఆకుల నుంచి ఆక్సిజన్‌ను కొన దాకా పంపుకుంటుంది. బురదలోంచి తీసిన వరి వేర్ల మీది తుప్పు రంగు పూత, అలా బయటికి కారిన ఆక్సిజన్ ఇనుముతో కలిసి ఏర్పడినదే. వానాకాలం వరి కోసిన మడిలో యాసంగి పల్లి వేస్తే మాత్రం లెక్క మారుతుంది. పల్లి వేరుకు ఆ గాలి గదులు లేవు. జానెడు లోతులో అడ్డుపడే పొరను అది ఎదుర్కోవాలి. పైన తడి కనిపిస్తుంది, కింద వేరు నిలిచిపోయి ఉంటుంది. రైతు ఇంకో తడి ఇస్తాడు.

గట్టి నేలలో వేరు ఎందుకు ఆగుతుందన్న ప్రశ్నకు చాలాకాలం ఒకటే జవాబు: బలం చాలక. 2021లో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో బిపిన్ పాండే, మాల్కమ్ బెన్నెట్ బృందం దాన్ని తిరగరాసింది. వేరు కొన నిత్యం కొద్దికొద్దిగా ఇథిలీన్ వాయువును వదులుతుంది. గుల్లనేలలో అది రంధ్రాల గుండా చెదిరిపోతుంది. బిగుసుకున్న నేలలో బయటికి దారి లేక కొన చుట్టూనే చేరుతుంది. అలా చేరిన ఇథిలీనే ఇక సాగవద్దని కొనకు చెబుతుంది. జన్యు మార్పు వల్ల ఇథిలీన్ సంకేతం అందని వరి మొక్కల్ని బిగుసు మట్టిలో పెంచితే వాటి వేర్లు లోపలికి చొచ్చుకుపోయాయి. అంటే వేరు ఆగింది చేతకాక కాదు, ఆపేసుకుంది. గట్టి నేలలో కొన లావెక్కడం చొచ్చుకుపోవడానికే అన్న పాత నమ్మకాన్నీ ఈ ఫలితం ప్రశ్నించింది.

ఇది విని ఇథిలీన్‌ను లెక్కచేయని వంగడాలు చేసేస్తే సరి అనుకోవడం తొందరపాటు. వరి వేరులో గాలి గదులు ఏర్పడేదీ ఇథిలీన్ వల్లే. ఒక చోట అడ్డంకి అయింది ఇంకోచోట ప్రాణాధారం. దమ్ము మడీ ఆరుతడి చేనూ ఒకే సర్వే నంబరులో ఏడాదిలో రెండుసార్లు మారే చోట, మట్టిని గుల్లబరచడమే నమ్మదగిన దారి. అడుగు పైచిలుకు లోతుకు దిగే సబ్‌సాయిలర్‌తో కొన్నేళ్లకోసారి అడుగు పొరను చీల్చడం వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసుల్లో ఉన్నదే. నేల బాగా ఆరినప్పుడే అది పని చేస్తుంది. తడిలో దింపితే పొర చీలదు, ఇంకా నున్నబడుతుంది.

ఇదే ఇథిలీన్ గద్వాల విత్తన పత్తి చేలలో మరో రూపంలో ఎదురవుతుంది. అయిజ, మల్దకల్, ధరూర్, గట్టు మండలాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనం పండుతుంది. సాయంత్రం ఆడ మొక్క మొగ్గ విప్పి కేసరాలు తీసేయాలి, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దాలి, ప్రతి పువ్వుకూ ఒక మనిషి చేయి పడాలి. అంత కూలి పోసిన చేను నిండా కాయ మీద ఉన్నప్పుడు, ఎండలు కాసి కాసి ఒక్కసారిగా పెద్దవాన పడితే, కొన్ని గంటల్లోనే అక్కడక్కడా మొక్కలు నిలువునా వాలిపోతాయి. దాన్ని పారావిల్ట్ అంటారు. అందులో క్రిమీ లేదు, శిలీంధ్రమూ లేదు. నల్లరేగడి రంధ్రాల్లోకి నీరు చేరి గాలి పోయింది, కొనల దగ్గర ఊపిరాడక వేరు నీటిని పంపడం మానేసింది. పైన కాయల భారం ఆగదు. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ చెప్పిన చికిత్స లీటరు నీటికి 10 మిల్లీగ్రాముల కోబాల్ట్ క్లోరైడ్. వాలడం మొదలైన గంటల్లోనే పిచికారీ చేయాలి. కోబాల్ట్ మొక్కలో ఇథిలీన్ తయారీని అడ్డుకుంటుంది కాబట్టే అది పని చేస్తుంది. మందుకన్నా ముందు చేయాల్సింది మురుగు కాలువ. బోదెల మీద పత్తి వేసి కాలువల్లోంచి నీరు తీసిన చేలో కొనలకు గాలి దొరుకుతుంది.

వేరు కొన దారి చేసుకుంటూ పోవడంతోనే ఆగదు, చుట్టూ ఉన్న మట్టి రసాయనాన్ని కూడా మార్చుకుంటుంది. ఈ సంగతి మీద ప్రపంచానికి తెలిసిన గొప్ప పరిశోధన ఒకటి మన నేల మీదే జరిగింది. ఎర్రనేలల్లో భాస్వరం చాలావరకు ఇనుముతో కట్టుబడి ఉంటుంది, మొక్కకు చిక్కదు. ఆ నేలలో కూడా కంది, భాస్వరం ఎరువు వేయకపోయినా, జొన్నకన్నా ఎంతో మెరుగ్గా పెరగడం ఇక్రిశాట్‌లో నోరిహారు ఆయే అనే జపాన్ శాస్త్రవేత్త, అతని సహచరులు గమనించారు. కారణం కోసం వెతికితే కంది వేర్లు వదిలే పిసిడిక్ ఆమ్లం బయటపడింది. అది ఇనుమును పట్టుకొని భాస్వరాన్ని వదిలిస్తుంది. 1990లో ఈ ఫలితం సైన్స్ పత్రికలో వచ్చింది. నల్లరేగడిలో భాస్వరం సున్నంతో కట్టుబడి ఉంటుంది, అక్కడ కందికి ఆ ఆధిక్యం కనిపించలేదు. తర్వాత జపాన్‌లో ఆయే బృందం వేరుశనగ వేర్లలో ఇంకో పద్ధతిని చూసింది. అది ఆమ్లాన్ని బయటికి వదలడం మీద కాకుండా, వేరు పైకణాల గోడ తగలడంతోనే ఇనుము నుంచి భాస్వరాన్ని విడదీస్తుంది.

పాలమూరు చెల్కల్లో జొన్నలో కంది సాళ్లు వేయడం తరాల అలవాటు. రెండు పంటల వేర్లు వేర్వేరు లోతుల్లో, వేర్వేరు రసాయనాలతో పని చేస్తాయన్నది దాని వెనకున్న బలం. పత్తి, వరి విస్తరించాక ఆ సాళ్లు పలచబడ్డాయి. నీటి లెక్క కోసమే కాదు, భాస్వరం లెక్క కోసం కూడా వాటిని తిరిగి తెచ్చుకోవాలి. డీఏపీ బస్తా కోసం వరసలో నిలబడే కాలంలో ఇది చిన్న విషయం కాదు.

వేరు వదిలే రసాయనాలను శత్రువులూ చదువుతాయి. జొన్న వేరు మీద బతికే జొన్నమల్లె విత్తనం ఏళ్ల తరబడి మట్టిలో నిద్రపోతుంది, ఆతిథ్యం ఇచ్చే వేరు దగ్గరికి వచ్చిందన్న రసాయన కబురు అందితేనే మొలుస్తుంది. ఆ కబురును మోసే స్ట్రిగాల్‌ను 1966లో శాస్త్రవేత్తలు పత్తి వేర్ల నుంచే మొదట వేరుచేశారు. పత్తి మీద జొన్నమల్లె బతకలేదు, కానీ పత్తి కబురు విని మొలిచి చస్తుంది. పత్తి తర్వాత జొన్న వేసిన చేలో మల్లె తగ్గడానికి ఇదొక కారణం. ఇంతటి చేటు తెచ్చే కబురును మొక్కలు ఎందుకు పంపుతాయన్నది 2005 దాకా చిక్కుముడే. అది నిజానికి వేరుకు భాస్వరం అందించే మేలు శిలీంధ్రానికి పంపే పిలుపని ఆ ఏడాది తేలింది.

వేరుముడి నులిపురుగు పిల్ల లోపలికి దూరేది సరిగ్గా కొన వెనుక, కణాలు సాగే లేత చోట. దూరాక కణాల నడుమ నుంచి కొన వైపు నడిచి, అక్కడ వెనుదిరిగి, నాళాల దగ్గర స్థిరపడి ముడులు కట్టిస్తుంది. ఎండు తెగులు తెచ్చే ఫ్యుజేరియం శిలీంధ్రానికి కొన, పక్కవేర్లు చీల్చుకొచ్చే పగుళ్లు వాకిళ్లు. కొన ఊరికే లొంగదు. తొడుగు నుంచి రాలిన కణాలు చచ్చిపోయినవి కావు. పత్తి వంటి మొక్కల్లో రోజుకు వేల సంఖ్యలో బతికున్న కణాలు జిగురుతో సహా బయట కాపు కాస్తాయి. అరిజోనా విశ్వవిద్యాలయంలో మార్తా హావ్స్ బృందం 2009లో బఠాణీ వేర్లలో చూపినదాని ప్రకారం ఆ జిగురులో మొక్క డీఎన్ఏ కూడా ఉంటుంది. ఆ డీఎన్ఏను ఎంజైముతో కరిగిస్తే కొన శిలీంధ్రానికి లొంగిపోతోంది. మన రక్తంలోని తెల్లకణాలు క్రిములను పట్టడానికి డీఎన్ఏ వల విసురుతాయి. అదే ఉపాయం వేరు కొనలోనూ ఉంది.

నాగర్‌కర్నూల్ జిల్లా బిజినేపల్లి మండలం పాలెంలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికి ఈ పోరు పాతదే. ఆముదం ఈ చెల్కల పంట, ఎండు తెగులు దాని శాపం. క్రాంతి, హరిత రకాలు, పీసీహెచ్ 111 హైబ్రిడ్ పాలెం నుంచే రైతులకు చేరాయి. వీటిలో హరితను ఎండు తెగులును తట్టుకునే రకంగా సాగుచేశారు. ఆముదంలో నులిపురుగు గాయం చేసిన వేరులోకి ఫ్యుజేరియం మరింత తేలిగ్గా వస్తుంది. అందుకే ఒక్క తెగులునే చూసి మందు వేస్తే సగం పనే అవుతుంది. ఆముదం విస్తీర్ణం పత్తికి దారి ఇచ్చి తగ్గడం ఈ జిల్లాలకు నష్టమనే చెప్పాలి. రాళ్లచెల్కలో తక్కువ తడితో నిలిచే లోతువేరు పంటలు మనకు ఎన్నో లేవు.

పల్లి దగ్గర ఇంకో విచిత్రం ఆగి చూడదగ్గది. పువ్వు ఫలదీకరణం అయ్యాక కిందికి దిగే ఊడ వేరు కాదు, కాండపు జాతిది. అయినా అచ్చం వేరు కొన చేసే పనే చేస్తుంది. దాని చివరన అండాశయం, ఆ వెనుక విభజన జరిపే కణాలు, లోపల బరువును పసిగట్టే పిండి రేణువులు. భూమి వైపు వంగి మట్టిలోకి దిగి, చీకటీ మట్టి ఒత్తిడీ తగిలాక అడ్డంగా తిరిగి కాయ కడుతుంది. నేల పైపొర గట్టిగా ఉంటే ఊడ గుచ్చుకోలేదు. కాయకు కావలసిన కాల్షియం ఆకుల నుంచి కిందికి రాదు, కాయ తన చుట్టూ ఉన్న మట్టి నుంచే తీసుకోవాలి. ఊడలు దిగే దశలో ఎకరానికి 200 కిలోల జిప్సం మొక్క మొదట్లో వేయమనడం ఇందుకే. దాన్ని విత్తేటప్పుడే ఎక్కడో లోతున వేస్తే వేరుకు అందొచ్చు గానీ కాయకు అందదు, పొల్లు కాయలు మిగులుతాయి. వనపర్తి మార్కెట్‌లో పల్లి ధర గింజ నిండుదనం మీద ఉంటుంది. ఆ నిండుదనం పైఅంగుళం రెండంగుళాల మట్టిలో ఉంది.

పల్లి ఊడలా కాకుండా, మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి అనే మర్రిచెట్టుకు గాలిలో వేలాడే ఊడలు నిజమైన వేర్లే. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పే ఆ చెట్టుకు 2018లో చెదలు పడితే సెలైన్ సీసాలతో చుక్కలు చుక్కలుగా మందు ఎక్కించిన సంగతి దేశమంతా చదివింది. నేలకు చేరిన ఊడ లావెక్కి స్తంభమై కొమ్మను మోస్తుంది. దిగుతున్న ఊడ కొనను ఎవరైనా గిల్లేస్తే అది నిలిచి పక్కల నుంచి చీలుతుంది. చూడవచ్చినవారిని చెట్టుకు దూరంగా ఉంచడానికి ఇదీ ఒక కారణం కావాలి.

వరి నాట్ల విషయంలో రైతు చేతికి అందుబాటులో ఉన్న మెరుగుదల ఒకటుంది. నారు పీకి, వేర్లు విదిలించి, కడిగి, కట్ట కట్టి, మర్నాడు నాటే పద్ధతిలో లేత కొనలు చాలావరకు పోతాయి. మొక్క తేరుకోవడానికి రోజులు పడుతుంది. మడగాస్కర్‌లో లోలానియే అనే ఫాదరీ 1980ల్లో రూపొందించిన శ్రీ పద్ధతి 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పొలాలకు వచ్చింది. అందులో 8 నుంచి 12 రోజుల నారును మట్టితో సహా తీసి, ఆలస్యం లేకుండా, పైపైన నాటాలి. లోతుగా గుచ్చితే వేరు కొన పైకి తిరిగిపోతుంది, అది మళ్లీ కిందికి మళ్లేదాకా పెరుగుదల ఆగుతుంది. శ్రీ దిగుబడుల మీద వాదాలు ఇంకా నడుస్తున్నాయి, కూలీల కొరతతో చాలామంది దాన్ని వదిలేశారు కూడా. కొన పైకి తిరగకుండా నాటాలన్న సూత్రం మాత్రం ఏ పద్ధతిలోనైనా పనికొస్తుంది. కొల్లాపూర్ మామిడి తోటలకూ, మిరప నారుకూ ఇదే వర్తిస్తుంది. సంచిలో చుట్టుకుపోయిన వేరుతో నాటిన అంటు పదేళ్లకు కూడా ఆ చుట్టును విప్పుకోలేదు.

ఇప్పటిదాకా వేరు కొన గురించి తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ప్రయోగశాలల్లో, పారదర్శకమైన అగర్ జెల్లీలో, అరబిడాప్సిస్ మీద తెలిసింది. నల్లరేగడిలో ఆ సౌఖ్యాలేవీ లేవు. ఎండితే అది బెత్తెడు వెడల్పున చీలుతుంది, వేర్లను తెంపుతుంది. చీలికలోకి వచ్చిన కొనకు చుట్టూ గాలి తప్ప మట్టి తగలదు. 2022లో నాటింగ్‌హామ్‌లోనే పూనమ్ మెహ్రా బృందం ఇలాంటి ఘడియలో వేరులో ఏం జరుగుతుందో ఛేదించింది. కొన తడి నేలను కోల్పోయిన వెంటనే అబ్‌సిసిక్ ఆమ్లం లోపలి కణాల మధ్య దారులను మూసి ఆక్సిన్ రాకను ఆపుతుంది, దాంతో పక్కవేర్లు పుట్టవు. తడి మళ్లీ తగిలితే దారులు తెరుచుకుంటాయి. మట్టిని తవ్వకుండానే ఎక్స్‌రే స్కాన్‌తో వేరును చూసే సౌకర్యం అక్కడ ఉంది.

ఈ మూడు జిల్లాల్లో తక్షణం జరగాల్సిన పనికి అంత పెద్ద యంత్రం అక్కర్లేదు. వరి తర్వాత పల్లి వేసే మళ్లలో, ఎత్తిపోతల నీరు కొత్తగా వచ్చిన చెల్కల్లో, అలంపూర్ శనగ చేలలో విత్తిన నెలకు రెండడుగుల గుంత తీసి, కోన్ పెనెట్రోమీటర్‌తో అడుగు పొర గట్టిదనాన్ని కొలిచి, వేర్లు ఏ లోతున నిలిచాయో రాసుకోవాలి. పాలెం కేంద్రం, అక్కడి వ్యవసాయ కళాశాల విద్యార్థులు ఊరికి నాలుగు గుంతల చొప్పున ఒక యాసంగిలో చేయగల పని ఇది. పత్తికి 0.7, పల్లికి 1.9 అన్న అమెరికా అంకెలు మన చెల్కకు ఎంతవరకు సరిపోతాయో ఆ గుంతల్లోనే తెలుస్తుంది. సబ్‌సాయిలర్ ఏ ఊళ్లో ముందు దిగాలో ఆ పట్టిక చూసి నిర్ణయించవచ్చు.